రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య

“మూడుసార్లే. నాలుగోసారి పిలిచే అధికారం ఎవడికీ లేదు. జడ్జి గారికే లేదు, ఇంక నాకెక్కడిది?”

ముసలాయన ఆ మాట అని, చేతిలో నిమ్మతొక్కని ముక్కుకి ఆనించుకుని బలంగా ఓ పీల్పు పీల్చాడు. గొంతు తుప్పుపట్టిన తలుపు గడియలా కిర్రుమంటోంది. ముప్పై ఎనిమిదేళ్ళు కోర్టు వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలిచిన గొంతు అది. ఆయన పిలుపు అందుకుంటే మైదానం అవతల టీ కొట్టులో గ్లాసులు కడిగేవాడు కూడా తలెత్తి చూసేవాడట. అందుకే ఊళ్ళో ఆయన అసలు పేరు ఎప్పుడో మాసిపోయి ‘గంట’ అన్న పేరే మిగిలింది.

“ఆగిపోయావేం బాబాయ్, చెప్పు,” అన్నాడు ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్న బైండింగాయన. కోర్టులో తేలిపోయిన కేసుల కట్టలకు అట్టలేసి కుట్టడం ఆయన పని. బడిలో చదివింది తక్కువే. కుట్టబోయే ప్రతి కట్టనీ ముందు చదివేసే అలవాటు వల్ల చట్టం ముక్కలు నాలుగు వంటబట్టాయి. ఆదివారం పూట ఇక్కడికి వచ్చి, ఆ కట్టల్లోకి ఎక్కనివి ఏవో వినిపోతుంటాడు.

“ఆగక ఏం చేస్తాడు? గాలి ఇటు తిరిగింది,” అని లోపలిగదిలోంచి గంట అక్కగారి గొంతు. టకటకమంటున్న కుట్టుమిషను ఆగింది. “ముందు ఆ తలుపు వెయ్యండయ్యా. మీ కబుర్లకి నోరు కావాలి గానీ, నాకు ముక్కు కూడా కావాలి.”

బైండింగాయన లేచి తలుపు వేశాడు. కిటికీ ఎప్పుడో మూసేశారు. రెక్కల సందుల్లో పాత పేపర్లు మడిచి కూరారు. అయినా వచ్చేది వస్తూనే ఉంది. మొదట తడిసిన పాత చెప్పు వాసన. దాని వెనకే మాడిన కొవ్వు. ఆ తర్వాత ముక్కు సంగతి మర్చిపోవచ్చు, అది నాలుక మీదికి దిగి జిడ్డుగా పరుచుకుంటుంది. ఇంటి వెనక గోడకి అవతల ఎముకలు ఉడికించి జిగురు తీసే బట్టీ ఉంది. పొద్దున కడిగి బోర్లించిన పళ్ళెం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. ఈగలు కూడా ఇక్కడ ఎగరవు, బరువెక్కి నడుస్తాయి.

“నీళ్ళు తాగుతావా?” అని మొహమాటానికి అడిగాడు గంట.

“వద్దులే బాబాయ్,” అన్నాడు బైండింగాయన, గ్లాసు కేసి చూడకుండా.

“తాగడు. తెలివైనవాడు,” అంది లోపల్నుంచి అక్క.

గంట ఆ ఉద్యోగంలో చేరింది ఇరవయ్యో ఏట. పరీక్షేమీ పెట్టలేదు. అంతకుముందు పిలిచే పనిలో ఉన్న పెద్దమనిషి ఆయన్ని వరండా చివర నిలబెట్టి, “మైదానంలో మేస్తున్న ఆ ఆవుని తిప్పు చూద్దాం, పిలిచి,” అన్నాడు. ఆవు తిరిగింది. ఉద్యోగం వచ్చింది. ఆ పెద్దమనిషి ఓ వారం పక్కన నిలబెట్టుకుని నేర్పింది ఒకటే: మొదటి పిలుపు చెవికి, రెండోది కాళ్ళకి, మూడోది చట్టానికి.

కింద మైదానం నుంచి వరండాకి ఇరవై రెండు మెట్లు. మొదటి పిలుపు వినగానే మనిషి ఉలిక్కిపడతాడు, తన పేరేనా అని పక్కవాణ్ణి అడుగుతాడు. రెండోది వినగానే కాలు కదుపుతాడు. ఆ కాలు ఇరవై రెండు మెట్లూ ఎక్కేంత వ్యవధి ఇచ్చి అప్పుడు మూడోది పిలవాలి. మూడోదానికీ ‘హాజరు’ అన్న మాట వినబడకపోతే, కేసు వేసినవాడిదైతే కేసు పోతుంది, ఎదుటివాడిదైతే వాడు లేకుండానే తీర్పవుతుంది. ఆ వ్యవధి ఎంతన్నది ఏ చట్టంలోనూ రాసిలేదు. లోపల కూర్చున్న జడ్జికి మెట్లు కనబడవు, ప్లీడర్లకి కనబడవు. ఎవడు ఏ మెట్టు మీద ఉన్నాడో కనబడేది పిలిచేవాడొక్కడికే.

“అంటే జడ్జి గారి చేతిలో కలం ఉంటే, నీ చేతిలో మెట్లున్నాయన్నమాట.”

“చేతిలో కాదురా నాయనా, ఊపిరిలో. మనసులో ఇరవై రెండు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఎంతమంది ఆశ పెట్టారో! ‘గంట గారూ, మావాడు దారిలో ఉన్నాడు, కాస్త దగ్గండి’ అని. ‘గంట గారూ, అవతలివాడు మెట్ల దగ్గరే ఉన్నాడు, కాస్త తొందరపడండి’ అని. నేను దగ్గిందీ లేదు, తొందరపడిందీ లేదు.”

“మరి ఇరవై రెండు పది అయిందేం?” అంది అక్క. ఆవిడ ఈ కథ వందసార్లు విన్నది. ఎక్కడ గుచ్చాలో ఆవిడకి తెలుసు.

గంట నిమ్మతొక్కని తిప్పి కొత్తవైపు వాసన చూశాడు. కేసులు పెరిగాయి. రోజుకి ముప్పై ఉండేవి వంద దాటాయి. బెంచి గుమాస్తా లోపల్నుంచి కేకలేసేవాడు. ఇరవై రెండు కాస్తా పదిహేనయింది, పదిహేను పదయింది. అయినా అందరికీ అదే పది కాబట్టి తన ధర్మం తప్పలేదనే ఆయన నమ్మాడు. ఆ రోజుల్లోనే ఒకసారి బుట్టలు అల్లే ముసలావిడ కేసు వచ్చింది. రెండో పిలుపుకి ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతోంది. పది లెక్కపెట్టేసరికి పద్దెనిమిదో మెట్టు మీద ఉంది. నోరు తెరిచింది కూడా, ఆయాసంతో మాట రాలేదు. గంట ఆవిడ కళ్ళలోకి చూస్తూనే మూడోది పిలిచాడు. కేసు పోయింది.

“ఆ రాత్రి అన్నం కూడా బాగానే తిన్నాను,” అన్నాడు గంట. “నిక్కచ్చిగా ఉన్నానని గర్వం. థూ.”

ఉమ్మడానికి ఇంట్లో చోటు లేక, ఆ థూ అన్న మాట గాలిలోనే ఉండిపోయింది.

ఆ మైదానం చుట్టూ మూడు భవనాలు. లావుపాటి స్తంభాలున్నది సభ, చట్టాలు రాసే చోటు. లెక్కలేనన్ని కిటికీలున్నది కార్యాలయం, రాసినవాటిని అమలుచేసే చోటు. మెట్లున్నది కోర్టు. మూడింటికీ నడుమ ఒకే ఒక్క టీ కొట్టు. సభ గేటు దగ్గరుండే మనిషి, కార్యాలయంలో ఫైళ్ళు మోసే బంట్రోతు, గంట, ముగ్గురూ అక్కడ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. “మావాళ్ళు రాస్తారు, మీవాళ్ళు చేస్తారు, గంట వాళ్ళు తప్పులు పడతారు. టీ మాత్రం ముగ్గురికీ ఇతనే పోస్తాడు,” అని గేటు మనిషి నవ్వించేవాడు. గంటకి ఆ ఏర్పాటు మీద గొప్ప భక్తి. మూడు రాళ్ళ పొయ్యి లాంటిదని చెప్పేవాడు. ఒక రాయి ఎత్తు పెరిగితే కుండ ఒరుగుతుంది, మిగతా రెండూ ఊరుకోవు. అధికారమంతా ఒకడి చేతిలో ఉంటే వాడు మింగేస్తాడని, పెద్దలు ఆలోచించి మూడు ముక్కలు చేశారని.

పదకొండేళ్ళ కిందట వెనకగోడ అవతల బట్టీ లేచినప్పుడు ఆ భక్తే కొంప ముంచింది.

మొదట వీధివాళ్ళంతా కలిసి కార్యాలయానికి వెళ్ళారు. అధికారి బంట్రోతు చేత చెప్పించాడు: లైసెన్సు సక్రమంగానే ఇచ్చాం, వాసనకి కొలత లేదు. తర్వాత సభలోని తమ సభ్యుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన బట్టీ యజమాని బావమరిది. చాలా మర్యాదగా కుర్చీలేయించి కూర్చోబెట్టి, ఇది కార్యాలయం పని, నేను వేలు పెడితే తప్పవుతుంది అన్నాడు. ఒక్కో కుటుంబం ఇల్లు ఖాళీచేసి పోవడం మొదలుపెట్టింది. అక్కకి పోవడానికి మరో చోటు లేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇల్లూ, ఆ మిషనూ, ఈ తమ్ముడూ, అంతే. కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళికని కొత్తబట్టలు కుట్టించుకున్న ఒకావిడ వాటిని తెచ్చి గుమ్మంలో పెట్టి, “అమ్మా, నీ చెయ్యి బంగారమే, కానీ ఇవి కట్టుకుని నిలబడితే పెళ్ళికొడుకు పారిపోతాడు,” అని వెళ్ళిపోయింది.

అప్పుడు గంటే అన్నాడు, “మూడు రాళ్ళున్నాయి అక్కా. రెండు కదలకపోతే మూడోది ఉంది. కేసు వెయ్యి.”

“నువ్వు గంటవి, పిల్లీ ఉంది. కట్టేవాడేడిరా?” అంది అక్క. అయినా వేసింది.

కేసు మొదటిసారి పిలుపుకి వచ్చిన రోజు గంట పిలవడానికి జంకాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్కని పేరు పెట్టి పిలిచింది లేదు. అక్కని పేరుతో పిలిచే తమ్ముడు ఎక్కడైనా ఉంటాడా? కాగితం మీద ఉన్న పేరు వరండాలో నిలబడి ఊరంతా వినేలా మూడుసార్లు అరవాలి. మొదటిసారి పేరు సగంలో జీరబోయింది. అక్క ఏడు అడుగుల దూరంలో బెంచీ మీదే ఉంది. మూడోసారి దాకా ఆగకుండా లేచి, “హాజరు! చాల్లేరా, చెవులు పగులుతున్నాయి. నా పేరు నీకు తెలుసని ఇన్నాళ్ళకి తెలిసింది,” అంది. జడ్జి గారు కూడా నవ్వారు.

ఆ తర్వాత నవ్వేదేమీ జరగలేదు. రెండో పక్షం అధికారి. “అధికారి!” అని గంట మూడుసార్లు పిలవడం, ఎవరూ పలక్కపోవడం, సర్కారీ ప్లీడరు లేచి గడువడగడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఆరేళ్ళు పిలిచాడు. చివరికి జడ్జి గారే స్వయంగా చూస్తానని వీధికి వచ్చారు. కారు దిగి నాలుగడుగులు వేశారు, రుమాలు తీశారు, తిరిగి కారెక్కారు. తీర్పులో మాత్రం వాసన మీదే రెండు పేజీలు రాశారు. ముప్పై రోజుల్లో బట్టీ మూసెయ్యాలి అన్నారు.

“నేను ఎనిమిదేళ్ళు పీల్చింది ఆయన రెండు నిమిషాల్లో పీల్చి రెండు పేజీలు రాశాడు,” అంది అక్క. ఇప్పుడావిడ గడప మీదికి వచ్చి కూర్చుంది, మోకాళ్ళు రెండు చేతులతో నొక్కుకుంటూ. “చదువంటే అది.”

“తీర్పు కట్టకి అట్ట వేసింది నేనే అత్తా,” అన్నాడు బైండింగాయన. “ఎంత గట్టిగా రాశారో. చదివి నేనే ముక్కు మూసుకున్నాను.”

“అట్టకి జిగురు ఎక్కడిదయ్యా?”

బైండింగాయన ముక్కాలి పీట సర్దుకున్నాడు.

“అడుగుతున్నాను, నువ్వు పూసే జిగురు ఎక్కడిది?”

“కోర్టువాళ్ళిచ్చేదే అత్తా. డబ్బాల్లో వస్తుంది. డబ్బా మీద...” అని ఆగి, గోడవైపు చూశాడు. “ఇక్కడిదే.”

అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. “విన్నావురా తమ్ముడూ? బట్టీ మూసెయ్యమన్న తీర్పు విడిపోకుండా పట్టుకునుంది బట్టీ జిగురేనట! ఏం చుట్టరికం! ఏం చుట్టరికం!”

గంట నవ్వలేదు. బైండింగాయన తన వేళ్ళ కొసలు పంచెకి తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ముప్పై రోజులు గడిచాయి, మూడు నెలలు గడిచాయి. పొగగొట్టం పొగ మానలేదు. తీర్పు నకలు పట్టుకుని అక్క కార్యాలయానికి పధ్నాలుగుసార్లు తిరిగింది. “పరిశీలనలో ఉందమ్మా” అన్న మాట పధ్నాలుగు రకాల గొంతుల్లో విన్నది. చివరికి కోర్టు మాట కాదన్నందుకు అధికారి మీదే మరో కేసు పడింది. ఈసారి ప్లీడరు చాలడు, అధికారి తానే వచ్చి నిలబడాలి. మూడో పిలుపుకి పలక్కపోతే వారంటు. పోలీసులు వెళ్ళి పట్టుకొస్తారు. జడ్జి గారు ముందురోజే ఆ మాట పైకి చెప్పారు.

ఆ పొద్దున బెంచి గుమాస్తా గంటని పక్కకి పిలిచాడు. తన డబ్బుతో టీ తెప్పించి ఇచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో అది మొదటి టీ.

“గంటా, ఇవాళ ఆ కేసులో రెండోదానికీ మూడోదానికీ నడుమ కాస్త ఊపిరి తీసుకో. అధికారి గారి కారు దారిలో ఉంది.”

“పదేనండీ నా లెక్క. అందరికీ అంతే.”

“అంతేలే. నీ రిటైరుమెంటు నాలుగు నెలలేగా? నీ కాగితాలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. ఊరికే చెప్తున్నాను.”

పదకొండింటికి కేసు వచ్చింది. గంట మొదటిది పిలిచాడు. రెండోది పిలిచాడు. మైదానం ఖాళీ. గేటు దగ్గర కారు లేదు. అక్క బెంచీ మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తమ్ముడి నోటివైపే చూస్తోంది. గంట పది లెక్కపెట్టాడు. నోరు తెరిచాడు. దగ్గాడు.

జన్మలో మొదటిసారి ఆ వరండాలో దగ్గాడు. దగ్గి, స్తంభం వెనక ఉన్న కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు వంచుకున్నాడు. తాగాడు. ఇంకో గ్లాసు వంచుకున్నాడు. పై గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. గుమాస్తా లోపల కాగితాల్లో తల దూర్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. జడ్జి గారికి మెట్లు కనబడవు. వరండాలో గడియారం నాలుగు నిమిషాలు తిరిగింది. అప్పుడు గేటులోకి కారు వచ్చింది. అధికారి దిగి, ఫోను చెవికి పెట్టుకుని, మధ్యలో ఒక మెట్టు మీద ఆగి మాట పూర్తిచేసి, తీరిగ్గా పైకొచ్చాడు. ఆయన చివరి మెట్టు మీద కాలు పెట్టాక గంట మూడోది పిలిచాడు.

“హాజరు,” అన్నాడు అధికారి. చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. రెండు నెలల గడువడిగాడు. జడ్జి గారు ఇచ్చారు.

“ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో నువ్వు చదివే ఉంటావు,” అన్నాడు గంట.

బైండింగాయన తల ఊపాడు. సభ సమావేశమైంది. బట్టీ ప్రహరీకి వంద గజాల లోపు ఉన్న ఏ కట్టడమూ నివాసగృహం కాదని చట్టం చేసింది. ఇంతకుముందు ఏ కోర్టు ఏం చెప్పినా అది చెల్లదని చివర ఒక వాక్యం. టీ కొట్టువాడు సభలోకి కెటిల్ పట్టుకెళ్ళి గ్లాసులు సర్దుకుని తిరిగొచ్చేలోపు ఆ చర్చ ముగిసిందట. అధికారి ఆ చట్టం కాగితం తెచ్చి జడ్జి గారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, కేసు మూసేశారు. అధికారి వెళ్ళేటప్పుడు గంట భుజం తట్టి వెళ్ళాడు.

“ఇల్లు కాదట ఇది,” అంది అక్క గడపని అరచేత్తో తట్టి. “మరి నేను ఎక్కడ కూర్చున్నానో చెప్పండయ్యా చట్టం చదివినోళ్ళు. కట్టడం మీద కూర్చున్నాను. కట్టడంలో వంట వండుకుంటున్నాను. రాత్రిళ్ళు కట్టడంలో దగ్గుతున్నాను.”

“మూడు రాళ్ళు అనేవాణ్ణి,” అన్నాడు గంట. “ఒకడు రాసేవాడు, ఒకడు చేసేవాడు, ఒకడు చూసేవాడు. ఒకడే మింగకుండా మూడు ముక్కలు చేశారయ్యా. అసలు ఏర్పాటు మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. వీళ్ళు ముక్కకీ ముక్కకీ మధ్య సందులో దాక్కోవడం నేర్చారు. అధికారిని అడిగితే చట్టం అంటాడు. సభని అడిగితే కార్యాలయం అంటుంది. జడ్జిని అడిగితే నా దగ్గర కలమే ఉంది, కర్ర లేదంటాడు. సరే, వాళ్ళు పెద్దవాళ్ళు. నేనో? నా వాటాకి వచ్చిందే ఇంత. రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య చిటికెడు అధికారం. దాన్ని బుట్టలావిడకి నాలుగు మెట్లంత ఇవ్వలేదు. కారువాడికి నాలుగు నిమిషాలు ఇచ్చాను. కంచే చేను మేస్తే అంటారే, అందులో నేనో ముల్లుని.”

గోడ అవతల పెద్ద గంగాళం లాంటిది ఏదో బోర్లించిన చప్పుడు. దాని వెనకే కొత్త వాసన, ముందుదాని కంటే వేడిగా.

“ఆ రోజు ఇంటికొచ్చాక అత్త ఏమంది బాబాయ్?”

అక్కే చెప్పింది. “ఏమంటాను? అన్నం పెట్టాను. ‘గొంతు పట్టేసిందా తమ్ముడూ’ అని అడిగాను. అంతే.”

“అంతే,” అన్నాడు గంట. “ఒక తిట్టు తిట్టినా బాగుండేది.”

“తిడితే నీకు తేలికైపోదూ?” అని అక్క లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ మిషను దగ్గరికి వెళ్ళింది. కొంచెంసేపటికి చక్రం తిరిగింది.

గంట రిటైరయ్యాడు. కాగితాలు సక్రమంగానే వచ్చాయి, గుమాస్తా మాట తప్పలేదు. గొంతు మాత్రం ఆరు నెలల్లో పోయింది. పొగ వల్ల అన్నాడు డాక్టరు. గంట ఆ మాట నమ్మడు, అయినా వాదించడు. కిందటేడు అక్క ఇంటింటికీ తిరిగి, మిగిలిన తొమ్మిది కుటుంబాల చేత వేలిముద్రలూ సంతకాలూ తీసుకుని, ఆ చట్టమే చెల్లదని తన పేరు మీద మరో కేసు వేసింది. సభ రాసింది కాబట్టి దాన్ని తూచడానికి ముగ్గురు జడ్జీలు కూర్చోవాలట. అదే కోర్టులో పై అంతస్తు. రేపు పొద్దున మొదటి వాయిదా. మొదటి వాయిదాకే మనిషి పలక్కపోతే కేసు అక్కడే పోతుంది. చట్టం అలాగే ఉంటుంది, బట్టీ ఉంటుంది, ఈ ఇల్లు ఇల్లు కాకుండా పోతుంది.

“మీ ప్లీడరు?” అన్నాడు బైండింగాయన.

“చట్టం వచ్చిన మర్నాడే కట్ట తెచ్చి అరుగు మీద పెట్టిపోయాడు. ఈ కేసు అక్క తానే వేసుకుంది, తానే చెప్పుకోవాలి.”

“ముందుగా వెళ్ళి అక్కడే కూర్చుంటే సరి కదా బాబాయ్.”

“కూర్చోనివ్వరు. పైన బెంచీలు తీసేశారు. కక్షిదారులంతా కింద రేకుల షెడ్డులో ఉండాలి. పేరు విన్నాకే మెట్లెక్కాలి. కిందవి ఇరవై రెండు, పైకి ఇంకో పద్దెనిమిది. మొన్న గోడ చాటునుంచి చూశాను, అక్కకి మన ఇంటి మూడు మెట్లకే ఎంతసేపు పడుతోందో.”

“నువ్వు వెంట వెళ్ళి చెయ్యి పట్టుకో.”

“రావద్దంది.” గంట గొంతు ఇంకా తగ్గించాడు. తగ్గడానికి అందులో మిగిలింది కొంచెమే. “‘నిన్ను ఆ వరండాలో చూస్తే నాకు మోకాళ్ళు ఇంకా పట్టేస్తాయి తమ్ముడూ’ అంది. కోపంగా కాదు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది.”

బైండింగాయన లేచి నిలబడ్డాడు. రేపు పాత కట్టల కోసం ఎలాగూ కోర్టుకి వెళ్ళాలి. ఆ సంగతి గంటకీ తెలుసు. గంట తలుపు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. లోపల మిషను తిరుగుతూనే ఉంది.

“ఇలా రా. ఇప్పుడు పిలిచే పనిలో ఒకావిడ ఉంది. మంచి గొంతే. పాపం ఆవిణ్ణి కూడా గుమాస్తా తరుముతున్నాడు, మూడు పిలుపులూ ఒకే గుక్కలో పిలిచేస్తోంది. పదిన్నరకి పని మొదలు. ఆవిడ పదింటికే వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడుతుంది. వెళ్ళి నా పేరు చెప్పు. గంట అంటే తెలుసు. రెండోది పిలిచాక మనసులో నలభై లెక్కపెట్టుకోమను. ఒక మెట్టుకి ఒకటి, సరిగ్గా నలభై. మోకాలు నొప్పిదైతే మెట్టుకి రెండు లెక్కపెట్టినా తప్పు లేదని చెప్పు, లోపలివాళ్ళకి మెట్లు కనబడవు. గుమాస్తా అరిస్తే అరవనీ, చట్టంలో ఎంతని రాసిలేదు కదా, చూపించమను. ఒరేయ్, మా అక్క కోసమని మాత్రం చెప్పకు. ఎక్కే ప్రతివాళ్ళకీ అని చెప్పు. కారులో వచ్చేవాళ్ళకి అక్కర్లేదు. వెళ్ళు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.”